కాటా మీద తప్పిపోయిన ఏడు సెకన్లు

మిర్యాలగూడ దగ్గర ఒక రైస్ మిల్లు. గేటు దాటగానే కాటా (లారీని సరుకుతో సహా తూచే ఇనుప వేదిక) ఉంటుంది. వడ్ల లారీ లోపలికి వచ్చినప్పుడు ఒకసారి తూస్తారు. సరుకు దింపుకున్నాక ఖాళీ లారీని మళ్లీ తూస్తారు. మొదటి దాంట్లోంచి రెండోది తీసేస్తే వడ్ల బరువు తేలుతుంది. ఆ కాటాకు ఎదురుగా సిమెంటు స్తంభం మీద ఒక కెమెరా ఉంది.

పోయిన సీజన్‌లో ఒక రాత్రి అక్కడ తగాదా వచ్చింది. ఖాళీ లారీని తూచినప్పుడు ఇద్దరు హమాలీలు లారీలోనే నిలబడి ఉన్నారని రైతు అన్నాడు. వాళ్లు దిగాకే తూచామని గుమస్తా అన్నాడు. ఇద్దరు మనుషులు లారీలో ఉంటే ఖాళీ బరువు నూరు కిలోలకు పైగా పెరుగుతుంది. అంత మేరా రైతుకు వడ్ల బరువు తగ్గుతుంది. సరే, రికార్డింగ్ తీశారు. 11 గంటల 14 నిమిషాల 20వ సెకనులో హమాలీలు లారీ బాడీలో ఉన్నారు. ఆ తర్వాతి బొమ్మలో నేల మీద ఉన్నారు. కానీ తెర మూలన గడియారం 27 చూపిస్తోంది. కాటా చీటీ మీద అచ్చయిన సమయం 23వ సెకను.

సరిగ్గా కావలసిన ఏడు సెకన్లే లేవు. మిల్లు యజమాని ఆ తేడా డబ్బు రైతుకే ఇచ్చి పంపించాడు. కంప్యూటర్ల పని చేసేవాణ్ని కాబట్టి మర్నాడు నాకు ఫోన్ చేశాడు. వెళ్లి చూశాను. ఎవరూ ఏదీ చెరపలేదు. కెమెరా కూడా ఆగలేదు. ఆ ఏడు సెకన్లు అసలు రికార్డే కాలేదు.

ఎందుకు కాలేదో తెలియాలంటే, ఆ మిల్లులో అంతకుముందు ఏముండేదో చూడాలి. అక్కడ నాలుగు పాత అనలాగ్ కెమెరాలు ఉన్నాయి. అనలాగ్ అంటే ఆ కెమెరా అంకెల్లో మాట్లాడదు, నల్లటి కేబుల్ గుండా విద్యుత్ తరంగాన్ని పంపుతుంది. మన దేశంలో టీవీకి వాడిన పాల్ పద్ధతిలోనే ఆ తరంగం సాగుతుంది. సెకనుకు 25 బొమ్మలు వస్తాయి. దాన్ని కంప్యూటర్ అర్థం చేసుకోవాలంటే క్యాప్చర్ కార్డు (తరంగాన్ని కొలిచి అంకెలుగా మార్చే పలక) కావాలి.

ఆ మిల్లు పాత కంప్యూటర్ మూత తీస్తే లోపల చేతి మందాన దుమ్ము, తవుడు. కార్డు వెనక నాలుగు గుండ్రటి సాకెట్లు. పలక మీద వరసగా నాలుగు నల్ల చిప్‌లు. బ్రూక్‌ట్రీ అనే అమెరికా సంస్థ పేరుతో 1990ల చివర వచ్చిన బీటీ878 చిప్‌లు అవి. కంప్యూటర్‌లో టీవీ చూసుకోవడానికి పుట్టిన ఈ చిప్, చవక కావడంతో నిఘా కార్డుల్లోకి పాకింది. ఒక కెమెరాకు ఒక చిప్ ఉన్న కార్డు మంచిది. ఒకే చిప్‌కు నాలుగు కెమెరాలు తగిలించే కార్డులూ వచ్చాయి. వాటిలో చిప్ వంతులవారీగా ఒక్కో కెమెరా వైపు తిరగాలి, కాబట్టి ఆ 25 బొమ్మలనే నాలుగు కెమెరాలూ పంచుకోవాలి. మిల్లులో ఉన్నది మంచి రకమే.

ఆ కంప్యూటర్‌లో నడిచేది విండోస్ ఎక్స్‌పీ. దానికి మైక్రోసాఫ్ట్ మద్దతు 2014 ఏప్రిల్ 8న ఆగిపోయింది. గుమస్తా గదిలో టాలీ (లెక్కలు రాసుకునే సాఫ్ట్‌వేర్) నడిచే కంప్యూటర్‌లో ఉన్నది విండోస్ 10. దాని మద్దతు కూడా 2025 అక్టోబర్ 14తో ముగిసింది. ఈ రెండో తేదీ దగ్గర పడటంతో చాలా చిన్న సంస్థలు పాత యంత్రాలన్నిటినీ ఒకేసారి మార్చాయి. ఈ మిల్లూ అంతే. మూడు డబ్బాలు తీసేసి ఒక పెద్ద కంప్యూటర్ కొన్నారు. అందులో మూడు వర్చువల్ మెషీన్లు (ఒక కంప్యూటర్ లోపల ప్రోగ్రామ్ రూపంలో నడిచే వేరే కంప్యూటర్లు) పెట్టారు. ఒకటి టాలీకి, ఒకటి కాటా సాఫ్ట్‌వేర్‌కు, ఒకటి కెమెరాలకు. ఒక్క యూపీఎస్ చాలు. రోజూ రాత్రి మొత్తానికి ఒకేసారి బ్యాకప్ తీయవచ్చు. ఆలోచన మంచిదే. టాలీ, కాటా సాఫ్ట్‌వేర్ మొదటి రోజు నుంచీ చక్కగా నడిచాయి. ఇబ్బంది కెమెరాల దగ్గరే వచ్చింది.

వర్చువల్ మెషీన్‌కు తనదైన డిస్కు లేదు, నెట్‌వర్క్ కార్డు లేదు. వాటిని హైపర్‌వైజర్ (వర్చువల్ మెషీన్లను నడిపే మూల ప్రోగ్రామ్) నటించి చూపిస్తుంది. లోపలి విండోస్ డిస్కు మీద రాశాననుకుంటుంది. నిజానికి ఆ రాత బయటి కంప్యూటర్‌లో ఒక పెద్ద ఫైలులోకి పోతుంది. డిస్కుకు, నెట్‌వర్క్‌కు ఈ నటన దశాబ్దాలుగా మెరుగుపడుతూ వచ్చింది. లైనక్స్‌లో భాగమైన కేవీఎం అనే హైపర్‌వైజర్ 2007 నుంచి ఉంది. కానీ క్యాప్చర్ కార్డును నటించి చూపే ఏర్పాటు వాటిలో లేదు. కాబట్టి అసలు కార్డునే ఏదో ఒక దారిన లోపలికి ఇవ్వాలి.

ఇంకో తేడా కూడా ఉంది, నా దృష్టిలో అసలైన తేడా అదే. డిస్కు ఆగుతుంది. హైపర్‌వైజర్‌కు తీరిక లేక టాలీ ఎంట్రీ అర సెకను ఆలస్యంగా రాస్తే ఏమీ పోదు. నెట్‌వర్క్‌లో ఒక ముక్క పోతే మళ్లీ అడిగి తెప్పించుకునే పద్ధతి ఉంది. కెమెరా తీగలో వచ్చే తరంగానికి అదేమీ లేదు. 40 మిల్లీసెకన్లకు ఒక బొమ్మ వస్తుంది. అందుకునేవాడు సిద్ధంగా లేకపోతే అది పోతుంది. తర్వాతి బొమ్మ వచ్చేస్తుంది. పోయిన దానికి గుర్తు కూడా మిగలదు. తెర మీద చూసేవాళ్లకు సెకనుకు 25 బదులు 20 వస్తే తెలియను కూడా తెలియదు.

ఎంత సమాచారం అందుకోవాలో లెక్క వేద్దాం. ఒక పాల్ బొమ్మలో అడ్డంగా 720, నిలువుగా 576 చుక్కలు. చుక్కకు 2 బైట్లు. అంటే బొమ్మకు 8,29,440 బైట్లు. సెకనుకు 25 బొమ్మలైతే 2 కోట్ల 7 లక్షల బైట్లు. నాలుగు కెమెరాలకు సెకనుకు 8 కోట్ల 29 లక్షలు. పాత పీసీఐ స్లాట్ కాగితం మీద మోయగలిగింది 13 కోట్ల 30 లక్షల బైట్లు. పాత కంప్యూటర్‌లో ఆ స్లాట్‌కు ఇదొక్కటే బరువు కాబట్టి ఏళ్ల తరబడి నడిచింది.

కొత్త కంప్యూటర్ పెట్టిన కుర్రవాడు పాత కార్డు జోలికి పోలేదు. చవకలో దొరికే యూఎస్‌బీ క్యాప్చర్ పరికరం కాటా కెమెరాకు తగిలించి, దాన్ని వర్చువల్ మెషీన్‌కు ఇచ్చాడు. నేను వెళ్లినప్పుడు తనూ అక్కడే ఉన్నాడు. "బొమ్మ వస్తుంది గద సార్, రికార్డు గూడ అయితుంది గద, ఇంకేం కావాలె?" అన్నాడు. మంచి పనివాడే. అతను చూసినంత వరకు అన్నీ సరిగ్గానే ఉన్నాయి.

ఆ పరికరం పనిచేసే తీరు ఇలా ఉంటుంది. యూఎస్‌బీ 2.0లో సెకనును 8,000 చిన్న గడియలుగా కోస్తారు. వీడియో పంపే పరికరానికి ఒక్కో గడియలో గరిష్ఠంగా 1,024 బైట్ల మూటలు మూడు కేటాయిస్తారు. గుణిస్తే సెకనుకు 2 కోట్ల 45 లక్షల బైట్లు. మనకు కావలసింది 2 కోట్ల 7 లక్షలు. అంటే దాదాపు అంచు దాకా నిండిన బిందెను నెత్తిన పెట్టుకుని నడుస్తున్నట్టే. పైగా ఈ తరహా పంపకంలో పోయిన మూటను తిరిగి పంపరు. సమయానికి అందడమే ముఖ్యం, అందకపోతే వదిలేయడమే పద్ధతి.

మామూలు కంప్యూటర్‌లో ఈ మూటలను యూఎస్‌బీ కంట్రోలర్ నేరుగా అందుకుంటుంది. వర్చువల్ మెషీన్‌లో ఇంకో చేయి మధ్యలో ఉంటుంది. బయటి కంప్యూటర్ అందుకున్న ప్రతి మూటనూ హైపర్‌వైజర్ ప్రోగ్రామ్ చేత్తో తీసి లోపలి నకిలీ కంట్రోలర్‌కు అందించాలి. ఆ ప్రోగ్రామ్ కూడా ప్రాసెసర్ దగ్గర వంతు కోసం వరసలో నిలబడేదే. రాత్రి 11 గంటలకు టాలీ మెషీన్ బ్యాకప్ మొదలవుతుంది. డిస్కు, ప్రాసెసర్ రెండూ దాని మీదే పడతాయి. కెమెరా మెషీన్‌కు వంతు ఆలస్యమవుతుంది. తగాదా జరిగింది 11 గంటల 14 నిమిషాలకు.

ఇది నిర్ధారించుకోవడానికి నేను పెద్ద సాధనాలేవీ వాడలేదు. ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి, ఫోన్‌ను ఒక కర్రకు కట్టి కెమెరా ముందు నిలబెట్టాం. పగలు పది నిమిషాలు, రాత్రి బ్యాకప్ నడుస్తుండగా పది నిమిషాలు రికార్డు చేశాం. తర్వాత ఒక్కో బొమ్మే ముందుకు జరుపుతూ చూశాం. పగటి రికార్డింగ్‌లో అక్కడక్కడ ఒకటి రెండు బొమ్మలు ఎగిరాయి. రాత్రి దాంట్లో అంకెలు ఒక్కసారిగా దూకాయి. ఒకచోట మూడు సెకన్లు, ఇంకోచోట ఐదు. కుర్రవాడు దగ్గరికి జరిగి, అదే చోటును నాలుగుసార్లు వెనక్కి తిప్పి చూసుకున్నాడు.

అయితే పాత కార్డునే కొత్త కంప్యూటర్‌లో పెట్టి వర్చువల్ మెషీన్‌కు ఇస్తే? దీన్ని పాస్‌త్రూ (పరికరాన్ని మొత్తంగా వర్చువల్ మెషీన్‌కు అప్పగించడం) అంటారు. మధ్యలో చేతులు మారడం ఉండదు కాబట్టి వేగానికి ఇదే మంచి దారి. కానీ దీనికి కొన్ని అడ్డంకులు ఉన్నాయి. వాటిని కాస్త వివరంగానే చెప్తాను, ఎందుకంటే చాలామంది ఇక్కడే చిక్కుకుని రోజులకు రోజులు పోగొట్టుకుంటారు.

క్యాప్చర్ కార్డు బొమ్మను ప్రాసెసర్‌కు ఇచ్చి రాయించుకోదు. మెమరీలో ఫలానా చోటు అని చెప్తే తనే అక్కడ రాసేస్తుంది. దీన్ని డీఎంఏ (ప్రాసెసర్ ప్రమేయం లేకుండా పరికరమే మెమరీలో రాసే పద్ధతి) అంటారు. ఇప్పుడు మన ఊళ్లలో ఇళ్లకు పాత డోర్ నంబరు, కొత్త డోర్ నంబరు ఉంటాయి కదా. వర్చువల్ మెషీన్‌కు తెలిసినవి తన పాత నంబర్లే. తన మెమరీ 1 నుంచి మొదలవుతుందని దాని నమ్మకం. నిజానికి దాని 1వ ఇల్లు బయటి కంప్యూటర్‌లో ఏ 52 వేలో అయి ఉంటుంది. కార్డుకు ఈ సంగతి తెలియదు. 1వ ఇంట్లో రాయమంటే నేరుగా అసలు 1వ ఇంటికే పోయి రాస్తుంది. అక్కడ టాలీ లెక్కలు ఉండవచ్చు, హైపర్‌వైజరే ఉండవచ్చు. మొత్తం యంత్రం కూలిపోతుంది.

దీన్ని ఆపడానికి ఐఓఎంఎంయూ (పరికరాలు చెప్పే చిరునామాను అసలు చిరునామాగా మార్చే భాగం) ఉంది. గేటు దగ్గర రిజిస్టరు పట్టుకు కూర్చున్న మనిషి లాంటిది అది. పాత నంబరు చూసి కొత్త నంబరు రాసి పంపుతుంది. రిజిస్టరులో లేని ఇంటికైతే పోనివ్వదు. ఇంటెల్ దీన్ని వీటీ-డీ అని, ఏఎండీ ఏఎండీ-వీఐ అని పిలుస్తాయి. బయోస్ సెట్టింగ్‌లలో చాలాసార్లు మూసి ఉంటుంది, తెరుచుకోవాలి. లైనక్స్‌లో దీని మీద ఆధారపడి పరికరాలను క్షేమంగా అప్పగించే వీఎఫ్ఐఓ అనే ఏర్పాటు 2012 నుంచి ఉంది.

గేటు దగ్గరి మనిషి వచ్చినవాళ్లను గుర్తుపట్టగలగాలి. కొత్త తరం పీసీఐ ఎక్స్‌ప్రెస్ కార్డులు ఒక్కోటీ తన పేరు చెప్పుకుంటాయి. పాత పీసీఐ కార్డులకు ఆ అలవాటు లేదు. అవి ఒక బ్రిడ్జ్ చిప్ వెనక ఉంటాయి. ఒకే మెట్లదారి ఉన్న మూడు వాటాల ఇల్లు అనుకోండి. మెట్లు దిగి వచ్చింది ఏ వాటావాళ్లో గేటు దగ్గర తెలియదు. అందుకని ఆ బ్రిడ్జ్ వెనక ఉన్నవన్నీ ఒకే గుంపుగా లెక్కించి, ఇస్తే అన్నిటినీ ఒకే వర్చువల్ మెషీన్‌కు ఇవ్వాలంటుంది. మిల్లులో ఆ బ్రిడ్జ్ వెనక క్యాప్చర్ కార్డు తప్ప మరేమీ లేదు. కాబట్టి ఇక్కడి దాకా గట్టెక్కాం.

ఆగిపోయింది ఇంటరప్ట్ (పని అయిందని పరికరం ప్రాసెసర్‌ను పిలిచే సంకేతం) దగ్గర. పాత పీసీఐలో నాలుగే పిలుపు తీగలు ఉంటాయి. పరికరాలు వాటిని పంచుకుంటాయి. ఎవరు పిలిచారో చూసి, ఆ ఒక్క పరికరం నోరు మూయించే సదుపాయం పీసీఐ 2.3 ప్రమాణంతో 2002లో వచ్చింది. బీటీ878 అంతకుముందుది. ఈ సదుపాయం లేని పరికరానికి తనకంటూ విడిగా ఒక పిలుపు తీగ ఉంటేనే వీఎఫ్ఐఓ ఒప్పుకుంటుంది. కానీ బీటీ878 చిప్ ఒక్కోటీ కంప్యూటర్‌కు రెండు పరికరాలుగా కనిపిస్తుంది, బొమ్మకు ఒకటి, ధ్వనికి ఒకటి. నాలుగు చిప్‌లకు ఎనిమిది పరికరాలు. ఉన్నవి నాలుగు తీగలు. తీగ ఖాళీ లేదన్న సందేశంతో వర్చువల్ మెషీన్ మొదలవడమే మానేసింది. సెట్టింగ్‌లు ఎన్ని మార్చినా ఇది మారదు. చిప్ పుట్టినప్పుడే దానిలో లేని గుణం అది.

కొత్త పీసీఐ ఎక్స్‌ప్రెస్ క్యాప్చర్ కార్డులైతే ఈ చిక్కు సాధారణంగా ఉండదు. అయినా పాస్‌త్రూకు ఇంకో ఖర్చు ఉంది. కార్డు ఎప్పుడు ఎక్కడ రాస్తుందో తెలియదు కాబట్టి ఆ వర్చువల్ మెషీన్‌కు ఇచ్చిన మెమరీ మొత్తాన్ని మొదటి నుంచే కట్టిపడేయాలి. దాన్ని నడుస్తుండగా మరో కంప్యూటర్‌కు మార్చడం, ఉన్నదున్నట్టు ఒక క్షణాన్ని నకలు తీసి పెట్టుకోవడం లాంటి సౌకర్యాలు పోతాయి. చాలామంది వర్చువల్ మెషీన్ పెట్టుకునేదే వీటి కోసం.

చివరికి మేం చేసింది చాలా సాదా పని. కార్డును బయటి కంప్యూటర్‌కే వదిలేశాం. బయటిది లైనక్స్. బీటీ878కు కావలసిన డ్రైవర్ అందులో ఉంది, చిప్‌లు తీగలు పంచుకున్నా దానికి ఇబ్బంది లేదు. నాలుగు కెమెరాల బొమ్మలనూ అక్కడే అందుకుని, అక్కడే కుదించి, నెట్‌వర్క్ ప్రవాహంగా మార్చి లోపలి మెషీన్‌కు పంపాం. ఆ పని చేసే చిన్న ప్రోగ్రామ్‌కు ఒక ప్రాసెసర్ కోర్‌ను విడిగా కేటాయించాం, బ్యాకప్ దాన్ని ముట్టుకోకుండా. ఆగని తరంగం ఆగగలిగే సమాచారంగా మారేది ఇప్పుడు బయటే. వర్చువల్ మెషీన్ పది సెకన్లు తడబడినా బయట ప్రవాహం కొంతసేపు నిలవ ఉంటుంది, వెనక నుంచి అందుకుంటుంది. కొత్తగా కొనేవాళ్లకైతే నేను కార్డే వద్దంటాను. అనలాగ్ తీగలను తీసుకుని నెట్‌వర్క్‌లోకి పంపే ఎన్‌కోడర్ పెట్టెలు దొరుకుతాయి. ఇప్పటి డీవీఆర్‌లలో చాలావాటికి ఆ పని వచ్చు. ఐపీ కెమెరా అయితే తనే నెట్‌వర్క్‌లో మాట్లాడుతుంది. అప్పుడు వర్చువల్ మెషీన్‌కు ఏ పరికరమూ అప్పగించనక్కర లేదు.

గడియారం సంగతి కూడా చూసుకోవాలి. లైనక్స్ తన లోపలి గడియారాన్ని అంతర్జాతీయ సమయంగా చూస్తుంది, విండోస్ స్థానిక సమయంగా చూస్తుంది. వర్చువల్ మెషీన్ సెట్టింగ్‌లో ఇది సరిచేయకపోతే రికార్డింగ్ మీద ఐదున్నర గంటల తేడా పడుతుంది. బ్యాకప్ కోసం మెషీన్‌ను కాసేపు నిలిపితే దాని గడియారం కూడా వెనకబడవచ్చు. మిల్లులో కాటా మెషీన్, కెమెరా మెషీన్ రెండూ ఒకే సమయ సర్వర్‌ను అడిగి సరిచేసుకునేలా పెట్టాం. చీటీ మీది సెకను, బొమ్మ మీది సెకను ఒకటే అయినప్పుడే రైతు అడిగే ప్రశ్నకు జవాబు దొరుకుతుంది.

డిస్కు గురించి ఒక లెక్క. కుదించాక కెమెరాకు సెకనుకు 2 మెగాబిట్లు అనుకుంటే రోజుకు 21.6 జీబీ. నాలుగు కెమెరాలకు 30 రోజులకు 2.6 టీబీ దాకా. 30 రోజులే ఎందుకంటే, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2013లో వచ్చిన ప్రజా భద్రత చట్టం జనం ఎక్కువగా వచ్చే సంస్థలకు పెట్టిన గడువు అదే. పోలీస్ స్టేషన్లకైతే సుప్రీంకోర్టు 2020 డిసెంబర్‌లో 18 నెలలు చెప్పింది, అది వీలుకాని చోట ఏడాదికి తగ్గరాదని కూడా చెప్పింది. వర్చువల్ డిస్కు కాగితం మీద 3 టీబీ అని రాసి ఉన్నా, వాడినకొద్దీ పెరిగే రకంగా పెడితే వెనక అసలు చోటు ఉండాలని లేదు. కెమెరా రికార్డింగ్ ఆ చోటంతా తినేసిన రోజున టాలీ మెషీన్ కూడా ఆగిపోతుంది. కెమెరాలకు విడిగా ఒక డిస్కు ఇచ్చేయడం మంచిది.

కోర్టు దాకా పోతే ఏమవుతుందని యజమాని అడిగాడు. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమ్‌లో 63వ సెక్షన్ కింద ఇలాంటి రికార్డింగ్‌కు ధ్రువపత్రం జతచేయాలి. అందులో పరికరం వివరాలు, ఫైలు హ్యాష్ విలువ (ఫైలులో ఒక్క అక్షరం మారినా మారిపోయే వేలిముద్ర లాంటి సంఖ్య) రాయాలి. వర్చువల్ మెషీన్‌కు తనదైన సీరియల్ నంబరు పలక ఉండదు. అందుకని ఏ యంత్రంలో, ఏ పేరుతో, ఏ డిస్కు మీద నడుస్తోందో ఒక పుస్తకంలో తేదీ వేసి రాసిపెట్టమన్నాను. గుమస్తా ఆ రోజే కాటా రిజిస్టరు పక్కన ఒక లావుపాటి నోటుపుస్తకం తెచ్చి పెట్టాడు.

అన్నీ అయ్యాక మళ్లీ రాత్రి 11 నుంచి 12 దాకా, బ్యాకప్ నడుస్తుండగానే రికార్డు చేసి బొమ్మలు లెక్కపెట్టాం. సెకనుకు 25 చొప్పున గంటకు 90,000 ఉండాలి. మూడు కెమెరాలకు లెక్క కుదిరింది. నాలుగోది, కాటా మీదిదే, తగ్గింది. మళ్లీ సెట్టింగ్‌లన్నీ వెతికాం. ఏమీ దొరకలేదు. తెల్లారాక కుర్రవాడు నిచ్చెన వేసుకుని స్తంభం ఎక్కాడు. కెమెరా వెనక కనెక్టర్ వానకు పచ్చగా చిలుం పట్టి ఉంది. రెండు అంగుళాల తీగ కోసేసి కొత్త కనెక్టర్ వేశాడు. పైనుంచే కేకేశాడు, "ఇప్పుడు లెక్కబెట్టుర్రి సార్."